బీఎస్సీ ఫిజిక్స్ తర్వాత బీఈడీయా, మెడికల్ ఫిజిక్సా?

ప్రశ్న: శ్రీకాకుళంలో బీఎస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా మావయ్యకు మెదడులో గడ్డ ఉంటే ఆపరేషన్ చేసి, తర్వాత విశాఖపట్నంలో ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. చూపు, జ్ఞాపకశక్తి దెబ్బతినకుండా ప్లాన్ వేసింది తను కాదని, ఫిజిసిస్ట్ అని అక్కడి డాక్టరుగారు చెప్పారు. నాకూ ఆ పని చేయాలని ఉంది. నాన్న బీఈడీ చేసి డీఎస్సీ రాయమంటున్నారు. రేడియేషన్ దగ్గర ఉద్యోగం ఆడపిల్లకు మంచిది కాదని అమ్మ భయం. ఏం చేయమంటారు?
– ఒక విద్యార్థిని, నరసన్నపేట

జవాబు: ముందు ఆ పని ఎలా ఉంటుందో చెబుతాను. ఆసుపత్రి ఉద్యోగం అనగానే తెల్లకోటు, వార్డులో రౌండ్లు గుర్తొస్తాయి. మెడికల్ ఫిజిసిస్ట్‌కు రోజులో ఎక్కువ భాగం కంప్యూటర్ ముందు, లేదంటే మెషీన్ దగ్గర గడుస్తుంది.

మీ మావయ్యగారి సంగతే చూడండి. తల కదలకుండా ఆయన ముఖానికి మాస్క్ చేసే ఉంటారు. చిల్లులున్న ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో ముంచితే మెత్తబడుతుంది, ముఖం మీద సాగదీసి పరిస్తే కొన్ని నిమిషాల్లో అదే ఆకారంలో గట్టిపడుతుంది. ఆ మాస్క్‌తోనే సీటీ తీస్తారు. దాని మీద ఎమ్మారైని కలిపి చూసుకుంటూ గడ్డ హద్దును డాక్టర్ గీస్తారు. కాపాడుకోవలసిన వాటి చుట్టూ కూడా గీతలు పడతాయి. కంటి నరాలు, ఆ రెండూ కలిసే చోటు, మెదడు కాండం, లోపలి చెవి, కొత్త జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్ అందులో ఉంటాయి.

అక్కడి నుంచి లెక్క మొదలు. గ్లయోబ్లాస్టోమా లాంటి గడ్డకు మామూలుగా రోజుకు 2 గ్రే చొప్పున 30 సిట్టింగుల్లో 60 గ్రే ఇస్తారు. కిలో కణజాలానికి ఒక జౌల్ శక్తి అందితే ఒక గ్రే, మీ పాఠంలో ఉన్నదే. కంటి నరాలకూ మెదడు కాండానికీ 54 గ్రే దగ్గర హద్దు పెట్టుకుంటారు. గడ్డ ఆ నరాన్ని దాదాపు ఆనుకునే ఉంటే? ఇక్కడ అరవై కావాలి, అక్కడ యాభై నాలుగు దాటకూడదు, మధ్యలో ఉన్నది రెండు మూడు మిల్లీమీటర్లు. కిరణాలు వచ్చే కోణాలు మారుస్తారు, మెషీన్ తలలోని సన్నటి లోహపు రేకులు ఏ క్షణాన ఎంత తెరుచుకోవాలో సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ మళ్లీ లెక్క కట్టిస్తారు. ఒక్కోసారి ఎంత చేసినా కుదరదు. గడ్డ అంచుకు డోస్ తగ్గించాలా, నరం విషయంలో కొంత రిస్క్ తీసుకోవాలా అన్న నిర్ణయం అప్పుడు డాక్టర్‌ది. ఆ నిర్ణయం ఏ అంకెల మీద నిలబడుతుందో అవి ఫిజిసిస్ట్‌వి.

వేరే చోటి క్యాన్సర్ మెదడుకు పాకితే కొందరికి మెదడంతటికీ 10 సిట్టింగుల్లో 30 గ్రే ఇస్తారు. అందులోనూ హిప్పోక్యాంపస్‌ను తప్పిస్తూ ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడ ఏ బిందువులోనూ డోస్ 16 గ్రే దాటకుండా చూస్తారు. అమెరికాలో 518 మంది మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా తప్పించిన వాళ్లకు జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి దెబ్బతినే ముప్పు నాలుగో వంతు దాకా తగ్గింది. ఆయుష్షులో తేడా రాలేదు. మనుషుల్ని గుర్తుపడుతూ, చెప్పింది గుర్తుంచుకుంటూ బతకడం చిన్న విషయమేమీ కాదు కదా.

మీ మార్కులు ఎంతో రాయలేదు, నేనూ అడగను. పదిహేడు ఉన్న అంకెను పదహారుకు దించడానికి మధ్యాహ్నమంతా ఒకే స్క్రీన్ ముందు కూర్చోగలరా? విసుగు రాదనుకుంటేనే ఈ దారికి రండి. మావయ్య మీద ప్రేమ మంచిదే కానీ, రోజూ ఉదయం మొదటి పేషెంట్ రాకముందే మెషీన్‌ను పరీక్షించే ఓపిక దానితో రాదు.

ఇక దారి. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం నడిపే ఏడాది రేడియలాజికల్ ఫిజిక్స్ డిప్లొమాకు పోటీ పడవచ్చు. లేదా చెన్నై అన్నా యూనివర్సిటీ లాంటి చోట నేరుగా ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్‌లో చేరవచ్చు. ఏది చేసినా ఆ తర్వాత రేడియోథెరపీ ఉన్న ఆసుపత్రిలో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉంటుంది. నేనైతే మొదటి దారే చెబుతాను. డిప్లొమాకు సీట్లు తక్కువ, రాకపోయినా ఎమ్మెస్సీ చేతిలో ఉంటుంది. పీజీసెట్ రాస్తే ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ రెండూ మీకు దగ్గరే. చేరే ముందు ఒక్కటి చూసుకోండి: ఆ కోర్సుకు అణుశక్తి నియంత్రణ మండలి గుర్తింపు ఉందా? ఆరు నెలల్లో రేడియేషన్ కోర్సు, ఉద్యోగం గ్యారంటీ అని ఎవరైనా ఫోన్ చేస్తే ఫీజు కట్టకండి.

నాన్నగారికి ఈ మాట చెప్పండి. జూనియర్ లెక్చరర్ పోస్టులకు బీఈడీ అక్కర్లేదు, ఎమ్మెస్సీ చాలు. డీఎస్సీయే కావాలనుకుంటే బీఈడీ తర్వాతైనా చేయవచ్చు. కాకపోతే ఫిజిసిస్ట్ ఉద్యోగం కోసం కనీసం మొదట్లో సిక్కోలు వదలాలి. ఇంట్లో ఈ సంగతి దాచొద్దు.

అమ్మ టెన్షన్ కూడా తీసిపారేసేది కాదు. కిరణాలు వచ్చేటప్పుడు ఆ గదిలో పేషెంట్ తప్ప ఎవరూ ఉండరు, గోడలు మీటరుకు పైగా మందం ఉన్న కాంక్రీటు. కరెంటుతో కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్ ఆపితే కిరణాలూ ఆగుతాయి. కోబాల్ట్ మెషీన్ అలా కాదు, అందులోని మూలకం ఎప్పుడూ కిరణాలు వెలువరిస్తూనే ఉంటుంది కాబట్టి దాన్ని సీసం లాంటి బరువైన కవచంలో ఉంచుతారు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో తెలియడానికి సిబ్బంది పెట్టుకునే బ్యాడ్జీని మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను లెక్కించే కొలత), ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదన్నది మన దేశంలో నియమం. గర్భం సంగతి ఆసుపత్రికి తెలియజేశాక ఆ సమయానికి హద్దు ఇంకా కఠినం.

ఫారాలు నింపే ముందు మీ ఫిజిక్స్ హెచ్‌ఓడీ నుంచి లెటర్ తీసుకుని విశాఖ కేజీహెచ్ రేడియోథెరపీ విభాగంలోనో, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనో ఒక్క రోజు చూడటానికి అనుమతి అడగండి. దొరికితే ప్లానింగ్ గదిలో కూర్చోండి. వీలైతే అమ్మను కూడా తీసుకెళ్లి, ఆ బ్యాడ్జీ గురించి అక్కడి సిబ్బందినే అడగమనండి.