మూసేసిన గ్యాస్ బావి పక్కన మా బోరు.. ఆ నీళ్లు తాగొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా కొబ్బరితోట అవతల గ్యాస్ కోసం తవ్విన బావిని మూసేసి చాలా ఏళ్లయింది. ఏడాదిగా మా బోరు నీళ్లు బిందెలో పట్టి ఉంచితే పైన నూనెలా తెట్టు కడుతోంది. ఉప్పదనం పెరిగింది. పిల్లలకు ఒళ్లంతా దురదలు. క్యాన్సర్ వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. కాచి తాగితే సరిపోతుందా?

డాక్టర్ సలహా: సరిపోదమ్మా. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి గానీ ఉప్పు, బేరియం అనే లోహం లాంటివి పోవు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడతాయి. ముడిచమురు, గ్యాస్‌తో పాటు ఉండే బెంజీన్ అనే రసాయనం నీళ్లలో ఉంటే ఆవిరిగా లేస్తుంది, దాన్ని వంటింట్లో మీరే పీలుస్తారు. నీటి పరీక్ష చేయించి రిపోర్టు వచ్చేదాకా తాగడానికి, వంటకు కుళాయి నీళ్లే వాడండి.

గ్యాస్ బావి అంటే కోనసీమలో అందరికీ 1995లో పాశర్లపూడిలో 65 రోజులు ఎగసిన మంటలే గుర్తొస్తాయి. చడీచప్పుడు లేకుండా కారే పాత బావి కూడా నాకు అంతే బెంగ. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి ఇనుప పైపు తుప్పు పట్టొచ్చు, చుట్టూ పోసిన సిమెంటు బీటలు వారొచ్చు. ఆ సందుల్లోంచి అడుగునున్న ఉప్పునీరు, మీథేన్ (బావిలోని సహజవాయువులో ముఖ్యభాగం), బెంజీన్ మన బోరు నీళ్లలోకి చేరే ప్రమాదం ఉంది.

అయితే మీ విషయంలో తప్పు ఆ బావిదేనని ఇప్పుడే అనలేను. మీ ప్రాంతంలో సముద్రం వల్లా, రొయ్యల చెరువుల వల్లా కూడా ఉప్పు పెరుగుతుంది. తెట్టు సంగతి ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. పుల్లతో కదిపి చూడండి. పెంకుల్లా ముక్కలై విడివిడిగా ఉండిపోతే అది చాలావరకు ఇనుము బ్యాక్టీరియా, అంటే నీటిలోని ఇనుముతో బతికే సూక్ష్మజీవుల పని. వెంటనే మళ్లీ కలిసిపోతే నూనె అని అనుమానించాలి.

మీథేన్ తాగితే విషం కాదు. కానీ తలుపులు మూసిన బాత్‌రూమ్‌లో, మోటారు గదిలో పోగుపడితే నిప్పురవ్వకే పేలుతుంది. నీళ్లు గ్లాసులో పట్టగానే బుసబుసా బుడగలొస్తుంటే కిటికీలు తెరిచి ఉంచండి. అగ్గిపుల్ల గీసి పరీక్షించే పని మాత్రం పెట్టుకోవద్దు.

మామూలు నీటి పరీక్షలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం), క్లోరైడ్ (ఉప్పులో ఉండేది) తెలుస్తాయి, బెంజీన్ తెలియదు. బెంజీన్, దాని లాంటిదే అయిన టొలుయీన్, బేరియం, మీథేన్ పరీక్షలు కావాలని విడిగా అడగండి. ల్యాబ్ వాళ్లిచ్చే గాజుసీసాలోనే, గాలిబుడగ మిగలకుండా నిండా పట్టాలి. ఏదో వాటర్ బాటిల్‌లో సగం పట్టుకెళ్తే బెంజీన్ దారిలోనే ఎగిరిపోతుంది, రిపోర్టు బాగానే ఉందని వస్తుంది. తాగునీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

బెంజీన్ ఏళ్ల తరబడి ఒంట్లోకి వెళ్తే రక్తం తయారయ్యే మూలుగను దెబ్బతీస్తుంది, రక్త క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. మీకున్నది ఏడాది అనుమానమే కాబట్టి ఇప్పుడే క్యాన్సర్ పరీక్షలకు పరుగెత్తక్కర్లేదు. పిల్లలకు పది రోజులు వేరే నీళ్లతో స్నానం చేయించి, దురద తగ్గుతుందేమో చూడండి. తగ్గకపోతే చర్మ వైద్యుడికి చూపించండి. ఇంట్లో అందరికీ ఒకసారి రక్తకణాల లెక్క చూసే సీబీసీ రక్తపరీక్ష చేయిస్తే మంచిది. ఎవరైనా పాలిపోయినా, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నల్లమచ్చలు కనిపించినా, చిగుళ్ల నుంచి రక్తం కారినా నీటి రిపోర్టు కోసం ఆగకుండా ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.