చెవి మిషన్ పెట్టుకునేవాడికి మాస్కు అలవాటవడం

కరోనా రోజుల్లో మాస్కు పెట్టుకుని బయట తిరగడం ఎలా అలవాటైంది, అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఏది అని అడిగారు. చాలామంది ఊపిరాడలేదనో, కళ్లజోడు మీద ఆవిరి పట్టిందనో చెబుతారు. నా ఇబ్బంది వేరు. నాకు రెండు చెవులూ సగమే వినపడతాయి. చెవి వెనక తగిలించుకునే మిషన్లు ఏళ్ల తరబడి వాడుతున్నాను. గుంటూరు జిల్లాలో, డెల్టా పల్లెల మధ్య మాకో ఎరువులు, పురుగుమందుల కొట్టుంది. కౌంటర్‌లో కూర్చునేది నేనే.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైతే, రెండు రోజులకే విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణాలకు కేంద్రం మినహాయింపు ఇచ్చింది. అందుకని మేము ఇంట్లో కూర్చున్నది తక్కువ. ఏప్రిల్ 15న వచ్చిన ఉత్తర్వుతో బహిరంగ ప్రదేశాల్లో ముఖానికి మాస్కు తప్పనిసరైంది. మొదట్లో రైతులు తువ్వాలే మూతికి చుట్టుకొచ్చేవాళ్లు. తరవాత పొదుపు సంఘాల ఆడవాళ్లు కుట్టిన గుడ్డ మాస్కులు ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున పంచడంతో ఊరంతా అవే కనపడ్డాయి.

ఇన్నేళ్లూ నేను సగం చెవితో, సగం కంటితో వింటున్నానని అప్పుడే తెలిసింది. పెదాల కదలిక చూసి మాట పట్టడం నాకెవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది. యూరియా ఇరవై బస్తాలు అన్నా అరవై బస్తాలు అన్నా నా చెవికి చేరేది చివరి 'రవై' ఒక్కటే. 'ఇ' అనేటప్పుడు పెదాలు పక్కలకు సాగుతాయి, 'అ' అనేటప్పుడు నోరు తెరుచుకుంటుంది. ఆ తేడా చెప్పేది నా కళ్లు. మాస్కు వచ్చాక వాటికి చూడ్డానికేమీ లేకుండా పోయింది.

పైగా మాస్కు మాటను కూడా మింగేస్తుంది. మామూలు సర్జికల్ మాస్కయితే 3, 4 డెసిబెల్స్, ఎన్95 అయితే 12 డెసిబెల్స్ దాకా తగ్గిస్తుంది. ఎక్కువగా తగ్గేవి స, ష, త లాంటి హల్లుల్లో ఉండే సన్నటి శబ్దాలు. వయసు వల్లో, పెద్ద మోతల వల్లో వినికిడి తగ్గినవాళ్లకు ముందు పోయేవీ అవే. ఎదుటివాళ్లు గట్టిగా అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి గానీ హల్లులు రావు. నాకు వినపడేది మాట కాదు, గోల.

మా వ్యాపారంలో ఇది ఉత్త చిరాకుతో పోయేది కాదు. ఎసిఫేట్ అని ఒక మందుంది, ఎసిటామిప్రిడ్ అని ఇంకోటి. పేరు మొదలు రెండిటికీ ఒకేలా వినపడుతుంది. ఎసిఫేట్ లీటరు నీటికి 1.5 గ్రాములు కలుపుతారు, ఎసిటామిప్రిడ్ 0.2 గ్రాములు చాలు. ఒకటి అడిగితే ఇంకోటి ఇచ్చి, దాని మోతాదు దీనికి వేస్తే పైరు సంగతి తరవాత, కొట్టిన మనిషి సంగతేంటి? అందుకని చెవిని నమ్మి ఏదీ ఇవ్వకూడదని గట్టిగా అనుకున్నాను. మా చిన్నవాడి పలక తెచ్చి కౌంటర్ మీద పెట్టాను. నాకు వినపడింది దాని మీద రాసి, తిప్పి చూపించి, అవతలి మనిషి తల ఊపాకే సరుకు. చదువు రానివాళ్లకు ప్యాకెట్టే చేతిలో పెట్టి చూపించేవాణ్ని. అంకెలు వేళ్లతో చెప్పుకునేవాళ్లం. కొంతమంది కుర్రాళ్లు ఖాళీ డబ్బా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టారు, అది అన్నిటికంటే సుఖం.

నన్ను నిజంగా కలతపెట్టింది మాత్రం జనం మంచితనం. నాకు వినపడలేదని తెలియగానే దగ్గరికి వంగి, మాస్కు గడ్డం కిందికి లాగి, నా మొహంలో మొహం పెట్టి చెప్పేవాళ్లు. దయతోనే చేసేవాళ్లు. కానీ మాట్లాడేటప్పుడే కదా తుంపరలు వచ్చేది, మాస్కు ఉండాల్సింది సరిగ్గా ఆ క్షణంలోనే. ఇంట్లో మా అమ్మకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. రోజంతా అంతమంది నా ఒక్కడి కోసం మాస్కు దించితే ఆ ఇంటికి నేనేం మోసుకెళ్తానోనని భయం వేసేది. నా చెవుల సంగతి ఊళ్లో అందరికీ తెలియకూడదని జుట్టు కాస్త పొడుగ్గా ఉంచుకునేవాణ్ని. ఆ పట్టుదల వదిలేసి అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి కౌంటర్‌కి అంటించాను: "నాకు చెవులు సరిగా వినపడవు. దయచేసి మాస్కు తీయకండి. నెమ్మదిగా చెప్పండి, లేదా రాయండి." మాస్కు నాకు అలవాటైంది అంటే ఆ రోజు నుంచే. అంతకు ముందు సగం రోజులు వినపడినట్టు నటించడంలోనే అలసిపోయేవాణ్ని. ఆ తరవాత వచ్చిన పెద్దమనుషుల్లో కొందరు "నాకూ అంతే బాబూ" అని మెల్లగా చెప్పి, ఆ మిషన్ ఎక్కడ కొన్నావని అడిగి వెళ్లారు.

ఇక చెవి వెనక చోటు సంగతి. కళ్లజోడు కాడ, మిషన్, దాని గొట్టం, ఆపైన మాస్కు ఎలాస్టిక్. మంచినీళ్లు తాగుదామని మాస్కు లాగితే ఎలాస్టిక్‌తో పాటు మిషన్ కూడా ఊడి బస్తాల సందులో పడింది. బస్తాలు జరిపి వెతికి పట్టుకునేసరికి చెమటలు పట్టాయి. ఆ రాత్రే మా ఆవిడ ఎలాస్టిక్ విప్పేసి నాలుగు నాడాలు కుట్టింది. రెండు నడినెత్తికి కాస్త కిందుగా, రెండు మెడ వెనక ముడి వేసుకోవాలి. కొన్న మాస్కుల కోసం రెండు చివర్లా బొత్తాములున్న గుడ్డ పట్టీ కుట్టింది. పట్టీ తల వెనక్కి వస్తుంది, ఎలాస్టిక్ చెవికి కాకుండా బొత్తాముకు తగులుతుంది. మిషన్ వాడేవాళ్లు ఇది తప్పకుండా చేసుకోండి. మాస్కు తీసేటప్పుడు మిషన్ మీద ఒక వేలు ఆన్చి తీయండి. ఎండాకాలంలో పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి మార్చాను, చెమటకు తడిసినదాన్లోంచి గాలీ రాదు, మాటా రాదు.

నోటి దగ్గర ప్లాస్టిక్ కిటికీ ఉండే పారదర్శక మాస్కు కూడా తెప్పించి మా ఇంట్లోవాళ్లకు పెట్టి చూశాను. పెదాలు కనపడతాయి నిజమే, కానీ మా ఉక్కకు నిమిషంలో ఆవిరి కమ్మేస్తుంది, శబ్దాన్ని గుడ్డకంటే ఎక్కువ ఆపుతుంది. నాకు పనికిరాలేదు. 2021లో రెండో వేవ్‌కి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు పెట్టుకోమన్నప్పుడు ఇక వినడమన్న ఆలోచనే మానేసి, పలక మీదే నడిపాను.

వినికిడి తక్కువ మనిషితో మాస్కు పెట్టుకుని మాట్లాడాల్సి వస్తే అరవకండి. ఎదురుగా నిలబడి, ముందు వాళ్లు మిమ్మల్ని చూసేలా చేసి, నిదానంగా చెప్పండి. అర్థం కాలేదంటే అదే మాట మళ్లీ మళ్లీ అనడం కంటే వేరేలా చెప్పండి. అరవై తెలియకపోతే ఆరు పదులు అంటే తెలుస్తుంది. "ఏం లేదులే, వదిలేయ్" అని మాత్రం అనకండి. ఆ మాట ఎంత బాధిస్తుందో అన్నవాళ్లకు తెలియదు.

ఇదే చోట మా రైతులకు ఒక మాట. కరోనా అప్పటి గుడ్డ మాస్కు పెట్టుకుని మందు కొడితే రక్షణ ఉందనుకుంటున్నారు. అది తుంపరల్ని కొంత ఆపుతుందేమో గానీ మందు ఆవిర్లను ఆపదు. అందుకు వేరే మాస్కులుంటాయి, వడపోత డబ్బీ బిగించేవి. కొట్లో అడిగి తీసుకోండి.

2022 మార్చి 31తో కేంద్రం ఆ ఉత్తర్వులు ముగించాక మా ఊళ్లో మాస్కులు దాదాపు పోయాయి గానీ ఆసుపత్రుల్లో డాక్టర్లు, నర్సులు పెట్టుకుంటూనే ఉన్నారు. మీ ఇంట్లో చెవి మిషన్ వాడే పెద్దవాళ్లను ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే మిషన్ ఇంట్లో వదలకండి. బ్యాటరీలు, మిషన్ పెట్టుకునే చిన్న డబ్బా, ఒక నోటుపుస్తకం, పెన్ను సంచిలో పెట్టండి. ఏ చెవికి బాగా వినపడుతుందో కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించండి. మాస్కు వెనక నుంచి అడిగిన ప్రశ్నకు పెద్దాయన బదులు చెప్పకపోతే మతి స్థిమితంగా లేదని రాసుకునే ప్రమాదం ఉంది. వినపడలేదన్న సంగతి మీరే ముందుగా చెప్పండి.