డేటా సెంటర్ల కరెంటు: వాడినా వాడకపోయినా ఖర్చు ఎవరిది?

ప్రశ్న: విశాఖపట్నంలో గూగుల్ డేటా సెంటర్ వస్తోందని సంతోషమే. కానీ ఇప్పటికే ట్రూ అప్ చార్జీలు (అంచనాకు మించిన పాత ఖర్చును తర్వాత బిల్లులో వసూలు చేసేవి) కడుతున్నాం. ఆ కేంద్రం కోసం వేసే లైన్ల భారం కూడా మా ఇంటి బిల్లుల్లోకి వస్తుందా? దీనిపై అదుపు ఎవరిది?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: మీ ఆందోళన సమంజసమైనది. 2025 అక్టోబరులో ప్రకటించిన ఈ ప్రాజెక్టు గిగావాట్ స్థాయిది. ఒక గిగావాట్ లోడు రాత్రింబవళ్లు నిలకడగా నడిస్తే రోజుకు 2.4 కోట్ల యూనిట్లు కావాలి. అంత కరెంటును చేరవేసే సబ్‌స్టేషన్లు, హైటెన్షన్ లైన్లు ముందుగానే కట్టాలి. తీరా కట్టాక సంస్థ తాను కోరినంత వాడకపోతే, వాటిపై పెట్టిన పెట్టుబడి, వడ్డీ, నిర్వహణ ఖర్చులు విద్యుత్ ధరలు నిర్ణయించే నియంత్రణ మండలి అనుమతించిన మేరకు మిగిలిన వినియోగదారుల టారిఫ్‌లో చేరే ప్రమాదం ఉంది. అందుకే, వాడని సామర్థ్యానికి ఎవరు చెల్లిస్తారన్నది కనెక్షన్ ఇవ్వకముందే తేలాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఈ చిక్కును నేరుగా పట్టించుకుంది. అక్కడి విద్యుత్ పంపిణీ సంస్థ ఏఈపీ ఒహాయో పరిధిలో 25 మెగావాట్లు దాటిన కొత్త డేటా సెంటర్లు తాము కోరిన విద్యుత్తులో కనీసం 85 శాతానికి, అంత వాడకపోయినా సరే, 12 ఏళ్ల వరకు చెల్లించాలని, ప్రాజెక్టును వదులుకుంటే నిష్క్రమణ రుసుము కట్టాలని అక్కడి నియంత్రణ సంస్థ 2025 జులైలో ఆదేశించింది. ఐర్లండ్ అనుభవం మరో హెచ్చరిక: అక్కడ మీటర్లలో నమోదైన మొత్తం విద్యుత్ వినియోగంలో డేటా సెంటర్ల వాటా 2015లో 5 శాతం ఉండగా 2023 నాటికి 21 శాతానికి చేరింది.

మన దగ్గర హెచ్‌టీ (హైటెన్షన్) వినియోగదారులు కాంట్రాక్టెడ్ డిమాండులో, అంటే ఒప్పందంలో కోరిన గరిష్ఠ లోడులో, కొంత శాతానికి కనీస డిమాండ్ చార్జీ కట్టే పద్ధతి ఉన్నదే. అయితే లైన్ల ఖర్చు దశాబ్దాల పాటు రాబట్టవలసినది కాబట్టి, గిగావాట్ స్థాయి లోడుకు దీర్ఘకాలిక హామీ, బ్యాంకు గ్యారంటీ అవసరం. ఆ అధికారం ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలిది. విద్యుత్ చట్టం 2003లోని 64వ సెక్షన్ ప్రకారం టారిఫ్ ఉత్తర్వుకు ముందు ప్రజల సూచనలు, అభ్యంతరాలను మండలి పరిశీలించాలి. మీరు కూడా రాతపూర్వకంగా అభ్యంతరం పంపవచ్చు; డేటా సెంటర్ల కోసం పెట్టే ఖర్చును విడిగా చూపమని అడగండి.

ప్రశ్న: కంపెనీలు సొంతంగా సౌర విద్యుత్తు సమకూర్చుకుంటే ఈ సమస్య ఉండదు కదా?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: కొంత తగ్గుతుంది, అంతే. సూర్యుడు లేని వేళ కూడా సర్వర్లు నడవాలి, ఆ లోటును గ్రిడ్డే పూడ్చాలి. పైగా ప్లాంటులో కంపెనీకి కనీసం 26 శాతం వాటా ఉండి, అందులోని ఉత్పత్తిలో కనీసం 51 శాతం తానే వాడుకుంటే అది క్యాప్టివ్ (సొంత వాడకపు ప్లాంటు) కింద లెక్క. అప్పుడు క్రాస్ సబ్సిడీ సర్‌చార్జీ (చిన్న వినియోగదారుల రాయితీ కోసం పెద్ద వినియోగదారుల నుంచి తీసుకునే రుసుము) వర్తించదు. తక్కువ ధరకు కరెంటు పొందే చిన్న వినియోగదారులకు ఆసరాగా నిలిచే రాబడి ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి ఉత్పత్తినీ వాడకాన్నీ నెలకోసారి సరిపోల్చడం చాలదు. గంట గంటకూ లెక్క చూడాలి, రాత్రి అవసరంలో కొంత భాగానికైనా బ్యాటరీ నిల్వను షరతుగా పెట్టాలి.