మీటర్ల లెక్క సరే, అతుకుల లెక్కేదీ?

ప్రశ్న: నిజాంపేటలో మాది మూడు బ్లాకుల అపార్ట్‌మెంట్. గేటు దగ్గరి నాలుగు కెమెరాలు, వాచ్‌మన్ ట్యాబ్ క్లబ్‌హౌస్‌లోని రికార్డర్‌కు కలవాలి. గేటు నుంచి రెండో బ్లాకు దాకా, మూడో బ్లాకు నుంచి క్లబ్‌హౌస్ దాకా ఫైబర్ ఉంది. మధ్యలో 80 మీటర్లు పాత క్యాట్-6 (కాపర్, అంటే రాగి) కేబుల్. ‘అదే వాడేద్దాం సార్, పైసా ఖర్చుండదు’ అంటున్నాడు కేబుల్ వేసే అతను. కొటేషన్ జత చేశాను. నమ్మొచ్చా?
- అసోసియేషన్ కార్యదర్శి

జవాబు: కేబుల్‌కు పైసా ఖర్చుండదు, నిజమే. కేబుల్ రకం మారే చోట ఉంటుంది. కొటేషన్లేమో మీటర్లలో రాస్తారు, అతుకుల ఖర్చు ‘ఇతరములు’లో దాక్కుంటుంది. ఏ కాలనీ నుంచి ఉత్తరం వచ్చినా తిరకాసు ఇక్కడే.

మీ కొటేషన్ అంకెలే తీసుకుందాం. ఫైబర్ కాపర్‌గా మారే చోట మీడియా కన్వర్టర్ రూ.1,200, మినీ యూపీఎస్ రూ.1,500, తాళం వేసే డబ్బా రూ.500. వెరసి రూ.3,200. ఫైబర్ దిగిన సిగ్నల్ మళ్లీ ఫైబర్ ఎక్కాలి కాబట్టి రెండు చోట్ల కలిపి రూ.6,400. అదే 80 మీటర్లు కొత్త ఫైబర్ లాగితే మీటరుకు రూ.35 చొప్పున రూ.2,800, రెండు కొనల దగ్గర స్ప్లైసింగ్‌కు, అంటే ఫైబర్ పోగులు కలపడానికి రూ.1,200. మొత్తం రూ.4,000. మధ్యలో కరెంటే అక్కర్లేదు. అంటే ఆ ఉచిత కేబుల్ మీకు రూ.2,400 ఎక్కువకు పడుతోంది. బ్యాటరీలు మార్చే ఖర్చు ఇంకా వేయలేదు.

పెద్ద లేఅవుట్‌కైనా లెక్క ఇలాగే కట్టాలి. ఎక్సెల్‌లో రెండో బ్లాకును ఒకే చోటుగా రాయకండి. ‘రెండో బ్లాకు-ఫైబర్’, ‘రెండో బ్లాకు-కాపర్’ అని విడగొట్టి, మధ్యలో సున్నా మీటర్ల గీత గీసి దాని మీద 3,200 వేయండి. ఫైబర్‌లో వచ్చి ఫైబర్‌లోనే పోయే దారి ఆ గీత తొక్కదు. వైర్‌లెస్ బ్రిడ్జి పెట్టే ఆలోచనుంటే మూడో చోటు చేర్చండి. ఇక తక్కువ ఖర్చు దారి వెతకడానికి 1959 నాటి డైక్‌స్ట్రా పద్ధతి ఉన్నదున్నట్టు పనికొస్తుంది. ఒకటే మెలిక: ఒకే నెట్‌వర్క్ స్విచ్ మీదుగా ఐదు లైన్లు పోతే దాని ధర లెక్కలో ఐదుసార్లు పడుతుంది. స్విచ్ ధర ఒక్కసారి, పోర్టు ధర లైనుకొకటి అని విడిగా రాయండి.

డబ్బు సంగతి అది. నన్ను ఎక్కువ కంగారు పెట్టేది ఆ కన్వర్టర్లే. చవక కన్వర్టర్లలో ఫైబర్ తెగినా కాపర్ వైపు పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. గేటు కెమెరా చచ్చిపోయిందని తెలిసేది దొంగతనం జరిగాకే. ఇలాంటివి తయారు చేసేవాళ్లకు ఒక లైటు ఆర్పడం అంత బరువా?

అంతకంటే ప్రమాదం ఇంకొకటుంది. ఒకే తీగ మీద కెమెరాలను, గెస్ట్ వైఫైని వేర్వేరు నెట్‌వర్కులుగా విడదీయడానికి వీలాన్ పెడతారు కదా, దాని గుర్తు (ట్యాగ్) ఒక్కో డేటా ప్యాకెట్‌కు 4 బైట్లు కలుపుతుంది: నిండు ప్యాకెట్ 1,518 బైట్లు కాస్తా 1,522 అవుతుంది. కొన్ని పాత కన్వర్టర్లు ఆ నిండు ప్యాకెట్లను చప్పుడు చేయకుండా పారేస్తాయి. లైను పరీక్షకు పంపే చిన్న ప్యాకెట్ (పింగ్) సాఫీగా వెళ్తుంది, వీడియో మాత్రం బిగుసుకుపోతుంది. వచ్చిన టెక్నీషియన్ వీలాన్ తీసేస్తాడు, వీడియో ఆడుతుంది, అందరూ సంతోషం. ఆ సాయంత్రం నుంచి క్లబ్‌హౌస్‌లో వైఫై వాడే ఏ అతిథి ఫోనైనా రికార్డర్ లాగిన్ పేజీ తెరవగలదు. దాని పాస్‌వర్డు కంపెనీ ఇచ్చినదే అయ్యుంటుంది, మార్చే ఓపిక ఎవరికీ ఉండదు. వీలాన్ ఉంచినా, తాళం లేని లిఫ్టు రూములో ఆ కాపర్ వైరు పీకి ల్యాప్‌టాప్‌కు గుచ్చితే అన్ని వీలాన్లూ ఒక్క తీగలో దొరుకుతాయి. కన్వర్టర్ ఎవరినీ పాస్‌వర్డు అడగదు.

పైగా బ్లాకుకూ బ్లాకుకూ మధ్య కాపర్ ఉంటే, మే నెల ఉరుముల వానకు సర్జ్ (ఒక్కసారిగా ఎగసే కరెంటు) ఆ తీగ పట్టుకునే వచ్చి రెండు వైపులా పోర్టులు కాలుస్తుంది.

కాబట్టి ఫైబరే లాగించండి. గేటు, క్లబ్‌హౌస్ రెండు కొసల స్విచ్‌లలో ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూళ్లు (ఫైబర్‌ను నేరుగా స్విచ్‌కు కలిపే ముక్కలు) పెట్టించండి. ఒకే పోగు మీద నడిపేట్టయితే సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ సామాన్ల మార్కెట్)లో జతగా అడిగి తీసుకోవాలి: ఒకటి 1310 నానోమీటర్ల కాంతిలో పంపి 1550లో అందుకునేది, రెండోది దానికి తిరగేసినది. రెండూ ఒకటే రకం కొంటే లింకు రాదు. స్విచ్‌లలో వాడని పోర్టులు ఆపేయించండి. పాత క్యాట్-6ను మాత్రం పారేయకండి. పైపు మూసుకుపోకపోతే దాని కొనకు కొత్త ఫైబర్ కట్టి అవతలి నుంచి నెమ్మదిగా లాగొచ్చు.