ఉద్యోగం మానకుండా, చిన్న అలవాట్లతో రోజువారీ ఒత్తిడిని తగ్గించుకోవచ్చా?

తప్పకుండా తగ్గించుకోవచ్చు. బ్యాంకులో చాలా ఏళ్లు క్యాష్ కౌంటరు చూసిన అనుభవంతో చెబుతున్నాను: ఎంత పని ఉన్నా మనిషి తట్టుకుంటాడు గాని, ఒక పని చేతిలో ఉండగానే మరో రెండు వచ్చి మీద పడితే తట్టుకోలేడు. కాబట్టి మార్చుకోవలసిన అలవాటు కూడా అక్కడే ఉంది.

2016 నవంబరు 8 రాత్రి ఐదువందలు, వెయ్యి రూపాయల నోట్లు రద్దయ్యాయి. మరునాడు బ్యాంకులు మూసి, 10న తెరిచేసరికి మా బ్రాంచి మెట్ల దగ్గర మొదలైన క్యూ వీధి మలుపు దాటిపోయింది. మనిషికి మొదట 4,000 రూపాయల దాకా మార్చి ఇమ్మన్నారు. తర్వాత 4,500 అన్నారు, ఆపైన 2,000కు తగ్గించారు, మధ్యలో వేలికి సిరా పూయమన్నారు, 24తో ఆ మార్పిడే ఆపేశారు. ఒకరు ఫారం నింపిపెట్టమని, ఇంకొకరు చిల్లర కావాలని, వెనక నుంచి మేనేజరు గారు చెస్టు (బ్రాంచీలకు నోట్లు పంపే ఖజానా) నుంచి ఫోనొచ్చిందని, అందరూ ఒక్కసారే పిలిచేవారు.

నా పక్క సీటులో ఉన్న హెడ్ క్యాషియరు గారు మాత్రం చేతిలో ప్యాకెట్ ఉండగా ఎవరు పిలిచినా తల ఎత్తేవారు కాదు. నూరు నోట్లూ లెక్కపెట్టి, కాగితం పట్టీ చుట్టి, దాని మీద తేదీ వేసి సంతకం చేసి, సొరుగులో పెట్టేవారు. నోట్ల కట్టలకు పిన్నులు కొట్టడాన్ని రిజర్వు బ్యాంకు 2001లోనే మాన్పించింది కనుక ఆ పట్టీ చుట్టడానికి కొంత సమయం పట్టేది, ఆయనకు అదే విశ్రాంతి. ఆ తర్వాత స్పాంజి తడి అంటిన వేళ్లను తువ్వాలుకు తుడుచుకుని, నిదానంగా ఊపిరి వదిలి, అప్పుడు "ఆఁ, చెప్పండమ్మా" అనేవారు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుందన్న సంగతి ఆయనకు తెలుసో లేదో గాని, సాయంత్రం అందరికంటే ముందు టాలీ అయ్యేది ఆయన క్యాషే.

నేను ఆయన పద్ధతినే పట్టుకున్నాను. పని మధ్యలో పిలిస్తే "ఒక్క నిమిషం" అని మర్యాదగా చెప్పి చేతిలోది ముగిస్తాను, ఎవరూ నొచ్చుకోరు. ఫోనును భోజనం వేళ దాకా సొరుగులో ఉంచుతాను, క్యారియరును కౌంటరు మీద విప్పను. సాయంత్రం టీ కూడా మానేశాను, ఎందుకంటే అందులోని కెఫీన్‌లో సగం దాదాపు ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

యోగా, ధ్యానం మంచివే, కాదనను. కానీ ఒత్తిడిని జయించడం ఎలా అన్న శిక్షణను ఆదివారం ఉదయం ఆన్‌లైన్‌లో పెట్టి, హాజరు తప్పనిసరి చేసి, అదే రాత్రి పది గంటలకు వాట్సాప్ గ్రూపులో డిపాజిట్ల టార్గెట్ ఎంతవరకు వచ్చిందని అడిగే పై అధికారులను చూశాక, ఈ విషయంలో సంస్థల మీద నాకు ఆశ పోయింది. బ్యాంకులకు రెండో, నాలుగో శనివారాలు సెలవులై 2015 సెప్టెంబరు నుంచి ఇన్నేళ్లయినా, ఆ గ్రూపుకు మాత్రం ఒక్క శనివారమూ సెలవు లేదు. అందుకని శుక్రవారం సాయంత్రమే దాన్ని మ్యూట్‌లో పెట్టేస్తున్నాను. అత్యవసరమైతే నేరుగా ఫోన్ చేయమని మేనేజరు గారికి చెప్పి ఉంచాను, ఆయన ఇంతవరకూ చేయలేదు.