వీధిలో పోలీసు కెమెరాలకు ఒప్పుకోవాలా? మా కాలనీ అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఇళ్లలో దొంగతనాలు, బండ్లు మాయమవడం ఎక్కువయ్యాయి, పోలీసులు కెమెరాలు పెడతామంటున్నారు. సగం మంది వెంటనే పెట్టించమంటే మిగతా సగం మా మీద నిఘా ఏంటంటున్నారు. ఎవరి పక్షాన నిలబడాలి? సరిగ్గా ఇదే గొడవ మా కాలనీలోనూ నడిచింది. సంఘం తరఫున పోలీసులతో మాట్లాడే పని నా నెత్తిన పడింది, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. పార్కింగ్ దగ్గర, కాలనీలోకి వచ్చే దారుల దగ్గర పెట్టించుకోండి. ప్రతి ఇంటి గుమ్మం కనబడేలా వీధి పొడుగునా వద్దు. ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ అసలే వద్దు.

కెమెరా అన్ని నేరాల మీదా ఒకేలా పనిచేయదు. వెల్ష్, ఫారింగ్టన్ అనే నేరశాస్త్ర పరిశోధకులు దీని మీద చాలాకాలం పనిచేశారు. మరో ఇద్దరితో కలిసి వాళ్లు 2019లో నలభై ఏళ్ల అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, కెమెరాలున్న చోట నేరాలు సగటున 13 శాతం తగ్గినట్టు తేలింది. బాగా తగ్గింది మాత్రం కార్ల పార్కింగుల్లో. ఇళ్లుండే ప్రాంతాల్లోనూ కొంత ఫలితం ఉంది. కొట్లాటలు, దాడుల మీద మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. కోపంలోనో మత్తులోనో ఉన్నవాడు తల పైకెత్తి కెమెరా ఉందా అని చూడడు కదా! శాన్ ఫ్రాన్సిస్కో కెమెరాల మీద 2008లో చేసిన అధ్యయనంలోనూ దాదాపు ఇదే కథ: దొంగతనాలు కెమెరాకు దగ్గర్లో తగ్గాయి, హింస తగ్గలేదు. అంచేత మీటింగులో మొదట అడగాల్సింది మీ దగ్గర జరుగుతున్న నేరం ఏమిటని. స్టేషన్‌లో నమోదైన ఫిర్యాదులను రకాలవారీగా, వేళలవారీగా ఇమ్మనండి. మేం అడిగితే పేర్లు తీసేసి ఇచ్చారు. అందరూ భయపడుతున్నది రాత్రిపూట ఇళ్లలో చొరబడేవాళ్ల గురించి, కాగితం మీద ఎక్కువగా ఉన్నవేమో పార్కింగ్‌లో బండ్ల దొంగతనాలు.

ఇక కెమెరాలో ఏం కనబడుతుందన్నది. ఓ పక్క వీధిలో అప్పటికే ఒక కెమెరా ఉంది. బండి పోయిన ఒకాయనతో కలిసి ఆ రికార్డింగు చూశాను. దొంగ వచ్చాడు, టోపీ ఉంది, ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. వాడు వచ్చిన బండి నంబరు ప్లేటు తెల్లటి పలకలా మెరిసిపోయింది. రాత్రిపూట కెమెరా వదిలే, కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు ప్లేటు మీద పడి తిరిగి కొట్టడం వల్ల అంకెలు చెరిగిపోయాయి. దానికి తోడు అద్దం ముందు సాలెగూడు ఊగుతోంది, రికార్డరు గడియారం అసలు సమయంతో కలవట్లేదు. కానిస్టేబుల్ నిట్టూర్చి "ఇలాంటివే ఎక్కువ వస్తాయి సార్" అన్నాడు.

దీని వెనక లెక్క ఒకటుంది. ముఖం చూసి మనిషిని నిర్ధారించాలంటే దృశ్యంలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు (బొమ్మను కూర్చే చుక్కలు) కావాలని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణం చెప్పింది. అడ్డంగా 1920 పిక్సెళ్లుండే మామూలు హెచ్‌డీ కెమెరాతో అది రావాలంటే, మనిషి నడిచే చోట దృశ్యం వెడల్పు ఏడున్నర మీటర్లు దాటకూడదు. కూడలిలో ఒకటి బిగించి నాలుగు వీధులూ కవర్ అవుతాయని ఎవరైనా చెబితే, కవర్ అవుతాయి నిజమే, మనుషులు తిరుగుతున్నారని తెలుస్తుంది. ఎవరన్నది తెలియదు. వీధి పొడుగునా వద్దనడానికి నా మొదటి కారణం ఇదే: దొంగ ముఖం దొరకదు గానీ, ఎవరింటికి ఎవరు ఎప్పుడు వస్తున్నారో మాత్రం తీరిగ్గా చూడొచ్చు. పక్కింటివాళ్లను నడకతోనే పోల్చుకోగలం కదా.

మా దగ్గర వద్దన్నవాళ్లను "దాచుకునేది ఏముంది?" అని ఎగతాళి చేశారు. నాకది నచ్చలేదు. అమెరికాలో డెట్రాయిట్ పోలీసులు 2020లో ఒకాయనను ఇంటి ముందు భార్యాపిల్లల ఎదుటే అరెస్టు చేశారు. ఒక దుకాణం కెమెరాలో పడిన మసక బొమ్మను సాఫ్ట్‌వేర్ ఆయన ఫొటోతో జతచేసింది. తీరా చూస్తే దొంగ ఆయన కాదు, వేరే మనిషి. ఆయన దగ్గర దాచుకోవడానికి ఏమీ లేదు.

ఇంకోటి, చూసేవాళ్లు లేని కెమెరా సగం కెమెరాయే. ఆ 2019 సమీక్షలోనూ మనుషులు కూర్చుని ప్రత్యక్షంగా గమనించిన చోటే ఫలితం ఎక్కువ. మీ దగ్గర ఎవరు చూస్తారు? రికార్డింగు ఎన్నాళ్లు ఉంచి చెరిపేస్తారు? కాపీ ఎవరికి, ఏ రాతపూర్వక అభ్యర్థన మీద ఇస్తారు? చెడిపోతే బాగుచేయించేది ఎవరు? ఆఖరి ప్రశ్నకు మా దగ్గర చాలాసేపు ఎవరూ నోరు మెదపలేదు.

వీధి దీపాల మాట కూడా ఎత్తండి. ఇదే వెల్ష్, ఫారింగ్టన్ 2008లో దీపాల మీద సమీక్షిస్తే నేరాలు 21 శాతం తగ్గినట్టు వచ్చింది. తగ్గుదల పగటి నేరాల్లోనూ కనిపించడం వింత. మేం కెమెరాల కన్నా ముందు మాడిపోయిన బల్బులు మార్పించాం. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు, కెమెరాలకు కూడా ఆ వెలుతురే కావాలి.

చివరికి మా దగ్గర ఒప్పందం ఎలా కుదిరిందంటే: పార్కింగ్‌కు, రెండు దారులకు కెమెరాలు, ఇళ్ల కిటికీలు పడే భాగాన్ని తెరమీద నల్లగా మూసేయడం, ముఖ గుర్తింపు లేదని రాతపూర్వక హామీ, ఏడాది తర్వాత ఫిర్యాదుల లెక్క ముందు పెట్టుకుని మళ్లీ ఓటు, అందులో ఓడిపోతే కెమెరాలు తీసేయడం. మొదట్నుంచీ వ్యతిరేకించిన పెద్దాయన ఆ చివరి షరతు చూశాకే సంతకం పెట్టారు. మీ వాళ్లలోనూ వద్దనేవాళ్లుంటే ముందు ఆ షరతు నుంచే మాట కదపండి.