ఉత్త ‘డీటీఎస్’ అనే ఎందుకు వస్తోంది?

ప్రశ్న: అన్నయ్యగారూ, బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి దసరాకి వచ్చి బ్లూరే ప్లేయరు, 5.1 రిసీవరు (ఐదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె నడిపే యంత్రం) పెట్టి వెళ్లాడు. రెండింటినీ ఆప్టికల్ వైరుతో కలిపాడు. డిస్కు అట్ట మీద ‘డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో’ అని ఉంది. రిసీవరు మీద మాత్రం ఉత్త ‘డీటీఎస్’ అనే పడుతోంది. మెకానిక్ వచ్చి చూసి లోపల బోర్డు పోయిందంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. వెనక స్పీకర్లు బీరువా మీద పెట్టాం, అది తప్పా?
- ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: చెల్లెమ్మా, మీ రిసీవరుకి ఏమీ కాలేదు. ముందు దాన్ని విప్పనివ్వకండి. డీటీఎస్ అంటే సినిమా శబ్దాన్ని కుదించి పెట్టే ఒక పద్ధతి, మాస్టర్ ఆడియో దాని ఏమీ పోగొట్టని పెద్ద రూపం. డీటీఎస్ అని చూపిస్తోందంటే తనకు అందినదాన్ని సరిగ్గానే చదువుతోంది. దానికి అందేదే తక్కువ.

ఆప్టికల్ వైరు 1983లో తోషిబా వాళ్లు సీడీ ప్లేయర్ల కోసం తెచ్చిన పద్ధతి. రెండు చానెళ్ల పీసీఎం (కుదించని శబ్దం), లేదంటే డీటీఎస్ లాంటిదే అయిన కుదించిన డాల్బీ డిజిటల్, మామూలు డీటీఎస్, అంతవరకే దాని శక్తి. మామూలు డీటీఎస్‌కి సెకనుకి 1.5 మెగాబిట్లు చాలు. మాస్టర్ ఆడియో 24.5 మెగాబిట్ల దాకా పోతుంది. ఆ డిస్కులో మాస్టర్ ఆడియో మామిడిపండైతే, మామూలు డీటీఎస్ దాని లోపలి టెంక. దారి ఇరుకుగా ఉందని ప్లేయరు గుజ్జంతా వదిలేసి టెంక ఒక్కటే పంపుతోంది. మాస్టర్ ఆడియో లాంటిదే అయిన డాల్బీ ట్రూహెచ్‌డీ డిస్కు వేసినా మీకు ఉత్త డాల్బీ డిజిటలే వస్తుంది.

కాబట్టి బొమ్మనీ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ వైరు కావాలి. ప్లేయరు నుంచి రిసీవరు వెనక హెచ్‌డీఎంఐ ‘ఇన్’కి ఒకటి, రిసీవరు ‘అవుట్’ నుంచి టీవీకి ఒకటి. ప్లేయరుని నేరుగా టీవీకి పెట్టి, అక్కణ్ణుంచి ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ వైరులో వెనక్కి పంపే దారి) ద్వారా రిసీవరుకి తేవద్దు. మామూలు ఏఆర్‌సీలోనూ మాస్టర్ ఆడియో, ట్రూహెచ్‌డీ రెండూ రావు. ‘హై స్పీడ్’ అని రాసున్న సాదా వైరు సరిపోతుంది. బంగారు పూత అంటూ వేలు అడిగితే ఇవ్వకండి. నేను పర్లాకిమిడి నుంచి బరంపురం వెళ్లి, ఒక షాపువాడి మాట నమ్మి ఖరీదైన ఆప్టికల్ వైరు కొన్నాను. ధర పెరిగిందే గాని శబ్దం వీసమెత్తు మారలేదు. ఆ బాధతోనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

హెచ్‌డీఎంఐ వైరుకి మారాక కూడా నాకు ‘డీటీఎస్’ అనే వచ్చింది. మూడు సాయంత్రాలు దానితోనే గడిచాయి. చివరికి దొరికింది ప్లేయరు ఆడియో మెనూలో. ‘సెకండరీ ఆడియో’ అనో ‘బీడీ ఆడియో మిక్స్’ అనో ఒకటుంటుంది. దర్శకుడి వ్యాఖ్యానం, మెనూ చప్పుళ్లు సినిమా శబ్దంలో కలపడానికి పెట్టారు దాన్ని. అది ఆన్‌లో ఉంటే ప్లేయరు అన్నీ కలిపేసి, మళ్లీ మామూలు డీటీఎస్‌గా కుదించి పంపుతుంది. దాన్ని ‘ఆఫ్’ చేయండి. డిజిటల్ అవుట్‌పుట్‌ని ‘బిట్‌స్ట్రీమ్’లో (విప్పకుండా ఉన్నదున్నట్టు పంపడం) పెట్టండి. నేను ఆఫ్ చేసి డిస్కు మళ్లీ వేశాను. రిసీవరు లోపల టిక్కుమంది, ఒక్క క్షణం నిశ్శబ్దం, నీలం అక్షరాలు ‘డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్’గా మారాయి. సినిమాలో వాన మొదలైతే మా అమ్మ దండెం మీది బట్టలు తీద్దామని వాకిట్లోకి వెళ్లబోయింది.

ఆ అక్షరాల బదులు ‘మల్టీచానెల్ పీసీఎం’ అని వస్తే కంగారు వద్దు. ప్లేయరే విప్పి పంపుతోందన్నమాట, నాణ్యత తగ్గదు. డీవీడీల్లో మాత్రం ఈ హెచ్‌డీ శబ్దం ఉండదు, వాటి కోసం వెతకకండి.

ఇక బీరువా సంగతి. అంత ఎత్తు నుంచి శబ్దం తల మీదుగా పోతుంది. కూర్చున్నప్పుడు చెవికి కాస్త పైగా, పక్కల నుంచి కొంచెం వెనక్కి, రెండు స్టూళ్ల మీద పెట్టండి. టైలరు టేపుతో మీ కుర్చీ నుంచి ఒక్కో స్పీకరుకి దూరం కొలిచి రిసీవరు మెనూలో ఎక్కించండి. శబ్దం ఒక అడుగు దాటడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, ఆ తేడాని రిసీవరు సరిచేసుకుంటుంది.